వంటింటి అలమరాలకూ గాలి ఆడాలి

గురజాల నుంచి ఒక సోదరి ఇలా రాశారు:

"డాక్టరుగారికి నమస్కారాలు. మేము కిందటి మాఘమాసంలో కొత్త ఇంట్లో చేరాము. వంటిల్లు పట్నం ఇళ్ళలో మాదిరిగా చుట్టూ అలమరాలతో కట్టించుకున్నాము. సిలిండరు వంటగట్టు కింద తలుపులున్న అరలో ఉంటుంది. ఫ్రిజ్‌ను చెక్క అలమరాలో ఇమిడేటట్టు పెట్టించాము. పొయ్యి మీద చిమ్నీ కూడా ఉంది. ఇంత చేసినా, కొత్త ఇంట్లోకి వచ్చిన దగ్గర నుంచి మా అత్తగారికి వంట ముగిసేసరికి తలనొప్పి, కళ్ళు తిరగడం. మావారు ఇన్సులిన్ మానకుండా వేసుకుంటున్నా షుగరు అదుపులోకి రావడం లేదు. ఆగ్నేయంలో దోషం ఉందని, గోడ కొట్టించమని తెలిసినవారు చెబుతున్నారు. ఏం చెయ్యమంటారు?"

అమ్మా, వాస్తు సంగతి వాస్తు తెలిసినవారికి వదిలేద్దాం. గోడ కొట్టించే ముందు మీ అలమరాలకు గాలి ఆడుతున్నదో లేదో చూడండి. ఉత్తరం చదివి రోగం నిర్ణయించడం ఏ వైద్యుడికీ సాధ్యం కాదు. అయితే మీరు రాసిన రెండు బాధలకూ మీ వంటింట్లో గాలి ఆడకపోవడమే కారణం కావచ్చు. ఈ రోజుల్లో నరసరావుపేటలోనూ, మాచర్లలోనూ, పిడుగురాళ్ళలోనూ లేస్తున్న కొత్త ఇళ్ళు చాలావాటిలో వంటిల్లు ఇలాగే ఉంటున్నది కనుక, ఈ జవాబు అందరికీ పనికివచ్చేటట్టు కొంచెం వివరంగానే రాస్తాను.

పొగ పోయింది, గాలి కూడా పోయింది

మన పల్నాటి పాత వంటిల్లు ఎలా ఉండేదో మీ అత్తగారిని అడగండి. పైన నాపరాళ్ళో, పెంకులో. గోడలో ఒక గవాక్షం. పొయ్యిలో పత్తికట్టె, కందికట్టె, పిడకలు. కళ్ళు మండి, దగ్గు వచ్చి, ముక్కు చీదుకుంటూ ఆడవాళ్ళు వంట చేసేవారు. ఆ పొగ తక్కువ నష్టం చేయలేదు. ఏనాడూ బీడీ ముట్టని స్త్రీలకు నడివయసు దాటేసరికి ఆయాసం పట్టుకుని ఆస్పత్రికి రావడం ప్రభుత్వ వైద్యులందరికీ తెలిసిన విషయమే.

దీనికి విరుగుడు వెతికినవారు మన ప్రాంతంలోనే ఉన్నారు. హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనశాలకు చెందిన ఎస్. పి. రాజుగారు పొగ గొట్టం ద్వారా బయటికి పోయే మట్టిపొయ్యిని రూపొందించి, దాని గురించి 1953లో ఒక చిన్న పుస్తకం ప్రచురించారు. ఆ తరువాత 1983లో కేంద్ర ప్రభుత్వం పొగలేని పొయ్యిల పథకం మొదలుపెట్టింది. 1999లో ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం, 2016లో ఉజ్వల పథకం వచ్చి గ్యాసు పొయ్యి పేదల ఇళ్ళకు కూడా చేరింది.

దీనివల్ల జరిగిన మేలు చిన్నది కాదు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని నిజామాబాద్, వరంగల్, రంగారెడ్డి జిల్లాల పల్లెల్లో శాస్త్రవేత్తలు వంటిళ్ళలోని గాలిని కొలిచి 2004లో ఫలితాలు ప్రకటించారు. కట్టెలు, పిడకల వంటివి వాడే ఇళ్ళలో ఊపిరితిత్తులలోకి పోయే సన్నని ధూళి రోజు సగటున ఘనపు మీటరుకు 732 మైక్రోగ్రాముల దాకా ఉండగా, గ్యాసు వాడే ఇళ్ళలో అది 73 ఉన్నది. అంటే పది వంతుల తేడా! కాబట్టి గ్యాసు మానుకోమని నేను చెప్పడం లేదు. గ్యాసు పొయ్యి మంచిదే.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, పొగ కనబడటం లేదు గనుక ఇక గాలితో పని లేదనుకున్నాం. పాత వంటింటికి చూరు కింద సందులుండేవి. కొత్త వంటింటికి స్లాబు, టైల్సు, బిగుతైన కిటికీలు. వంటగది, హాలు కలిపి కట్టి, హాల్లో ఏసీ పెట్టి, చల్లదనం పోతుందని కిటికీలన్నీ మూసేస్తారు. పైగా సిలిండరును, ఫ్రిజ్‌ను, ఓవెన్‌ను కంటికి ఇంపుగా లేవని అలమరాల్లో దాచేస్తారు. గ్యాసు పొయ్యి ప్రాణవాయువును తీసుకుంటుంది, ఫ్రిజ్ వేడిని వదులుతుంది. వాటికి గాలి అందకపోతే ఆ బాధ చివరికి ఇంట్లోవాళ్ళే పడాలి.

గ్యాసు మండితే ఏమవుతుంది?

ఒక కిలో వంటగ్యాసు పూర్తిగా మండితే సుమారు 3 కిలోల బొగ్గుపులుసు వాయువు, ఒకటిన్నర కిలోల నీటి ఆవిరి పుడతాయి. ఈ లెక్కన 14.2 కిలోల సిలిండరు ఒకటి అయిపోయేలోగా 20 లీటర్లకు పైగా నీరు ఆవిరి రూపంలో మీ వంటింటి గాలిలో కలుస్తుంది. వంట నుంచి వచ్చే ఆవిరి దీనికి అదనం. గాలి ఆడని అలమరాల్లో బూజు, చెక్క ఉబ్బడం, ముక్కవాసన ఊరికే రావు. బూజు ఉన్న ఇంట్లో ఉబ్బసం పిల్లలకు బాధ పెరుగుతుంది.

మంట వేడికి నైట్రోజన్ డయాక్సైడ్ అనే మరొక వాయువు పుడుతుంది. మంట ఎంత నీలంగా, శుభ్రంగా ఉన్నా ఇది పుట్టక మానదు. ఊపిరితిత్తుల లోపలి పొరకు ఇది మంట పుట్టిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దీనికి విధించిన పరిమితి ఘనపు మీటరు గాలిలో ఏడాది సగటున 10 మైక్రోగ్రాములు మాత్రమే. ఇక నూనె బాగా కాగి పొగ వచ్చేటట్టు వేపుళ్ళు చేసినప్పుడు వెలువడే ఆవిర్లు కేన్సర్‌కు కారణం కావడానికి అవకాశం ఎక్కువని అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ వర్గీకరించింది. మిరపకాయల పోపు ఘాటు మనల్ని తుమ్మించి బయటికి తరుముతుంది. వాసన లేని కార్బన్ వాయువులు అలా హెచ్చరించవు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది కార్బన్ మోనాక్సైడ్. గాలి చాలక గ్యాసు సగం సగం మండినప్పుడు ఇది పుడుతుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కంటే 200 రెట్లకు మించిన బలంతో పట్టుకుంటుంది. అందువల్ల మనిషి ఊపిరి పీలుస్తున్నా శరీరానికి ప్రాణవాయువు అందదు. ముందు తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం. మోతాదు పెరిగితే మగత, స్పృహ తప్పడం, ప్రాణాపాయం.

గుర్తు పట్టడం ఎలా? మంట నీలంగా కాక పసుపుపచ్చగా లేస్తుంటే, గిన్నెల అడుగున మసి పడుతుంటే బర్నరుకు గాలి చాలడం లేదన్నమాట. ఇంట్లో ఉన్నప్పుడు తలనొప్పి వచ్చి, బయటికి పోగానే తగ్గుతుంటే, ఒకరికి కాక ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వస్తుంటే, జ్వరం లేకుండా వికారం ఉంటే అనుమానించాలి. కరోనా రోజుల నుంచి చాలా ఇళ్ళలో వేలికి పెట్టే ఆక్సీమీటరు ఉంటున్నది. ఈ విషయంలో దాన్ని నమ్మవద్దు. కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న రక్తాన్ని కూడా అది మంచి రక్తంగానే లెక్కించి 98 చూపిస్తుంది. అసలు సంగతి రక్తపరీక్షలోనే తెలుస్తుంది.

చిమ్నీ ఉంటే చాలదు

చిమ్నీ గొట్టం ఎక్కడికి పోతున్నదో ముందు చూడండి. ఆరు బయటికి పోతే సరి. కొన్ని ఇళ్ళలో అది ఫాల్స్ సీలింగ్ పైకి పోయి అక్కడే ఆగిపోతుంది. కొన్ని చిమ్నీలకు అసలు గొట్టమే ఉండదు. గాలిని లోపలికి లాగి, బొగ్గు జల్లెడలో వడగట్టి, మళ్ళీ వంటింట్లోకే వదులుతాయి. వీటివల్ల జిడ్డు, వాసన కొంత తగ్గుతాయి. నీటి ఆవిరి, కార్బన్ మోనాక్సైడ్ తగ్గవు.

రెండో సంగతి. చిమ్నీ గాలిని బయటికి తోయాలంటే, అంత గాలీ మరో చోటు నుంచి ఇంట్లోకి రావాలి. తలుపులు, కిటికీలు మూసి చిమ్నీ వేస్తే చప్పుడు ఎక్కువ, పని తక్కువ. వంటింటి పక్క స్నానాలగదిలో గ్యాసు గీజరు ఉంటే ఇంకా ప్రమాదం. చిమ్నీ లాగే లాగుడుకు గీజరు వదిలిన వాయువు బయటికి పోకుండా ఇంట్లోకి మళ్ళుతుంది. గ్యాసు గీజరును స్నానాలగది లోపల పెట్టనే కూడదు. ఆరుబయట గోడకు పెట్టి, వేడినీళ్ళు మాత్రం గొట్టంలో లోపలికి తెచ్చుకోవాలి.

ఒక చిన్న పరీక్ష చెయ్యండి. గ్యాసు వాసన ఏమీ లేనప్పుడు, పొయ్యి ఆర్పి, చిమ్నీ వేసి, వెలిగించిన అగరువత్తిని దాని కింద పట్టండి. కిటికీలు మూసి ఒకసారి, ఎదుటి కిటికీ తెరిచి ఒకసారి చూడండి. పొగ ఎటు పోతున్నదో, ఎంత వేగంగా పోతున్నదో తేడా మీకే కనిపిస్తుంది. వంట మొదలుపెట్టే ముందే చిమ్నీ వెయ్యండి. వంట అయిన తరువాత మరో పది నిమిషాలు నడవనివ్వండి. జల్లెడకు జిడ్డు పట్టితే గాలి లాగదు. వేపుళ్ళు ఎక్కువ చేసే ఇళ్ళలో నెలకొకసారైనా కడగాలి.

సిలిండరున్న అర

వంటగ్యాసు గాలి కంటే బరువు. సుమారు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు. లీకైతే పొగలాగా పైకి పోదు. నీళ్ళలాగా కిందికి దిగి, నేల మీద పరుచుకుని, పల్లం వెతుక్కుంటుంది. ఈ ఒక్క విషయం తెలియక చాలామంది సిలిండరు అరకు పైన రెండు రంధ్రాలు పెట్టించి నిశ్చింతగా ఉంటారు. గ్యాసు కిందనే నిలిచి ఉంటుంది. గాలిలో సుమారు రెండు శాతం కలిస్తే చాలు, ఒక్క నిప్పురవ్వకు అంటుకుంటుంది.

కాబట్టి అర తలుపుకు అడుగున, నేలను ఆనుకునేటట్టు ఒక జాలీ, పైన ఒక జాలీ ఉండాలి. ఒక్కొక్కటి 8 అంగుళాల పొడవు, 4 అంగుళాల వెడల్పుకు తగ్గకుండా పెట్టించండి. గోడకు అవతల ఆరుబయలైతే గోడకే అడుగున జాలీ పెట్టించడం ఇంకా మంచిది. సిలిండరు దగ్గర మోరీ కంత గాని, నీటి సంపు మూత గాని ఉండకూడదు. లీకైన గ్యాసు వాటిలోకి దిగి దాక్కుంటుంది. ఆ అరలో కరెంటు ప్లగ్గు, ఇన్వర్టరు పెట్టవద్దు. పాత గుడ్డలు, కిరాణా సంచులు కుక్కి జాలీలు మూసుకుపోయేటట్టు చేయవద్దు.

గట్టులో దిగేసిన హాబ్ పొయ్యి ఉన్నవారు దాని కింద సొరుగులు ఉంటాయని గుర్తుంచుకోండి. హాబ్ అడుగున గొట్టం వదులైతే గ్యాసు ఆ సొరుగుల్లోకే దిగుతుంది. అక్కడ అగ్గిపెట్టెలు దాచకూడదు. సొరుగుల వెనక గాలి పోయే దారి ఉండాలి. గొట్టాల ద్వారా ఇంటింటికీ ఇచ్చే సహజవాయువు మాత్రం గాలి కంటే తేలిక. అది పైకి పోతుంది కనుక ఆ వంటిళ్ళకు కప్పు దగ్గర వెంటిలేటరు తప్పనిసరి.

లీకును వెతకడానికి సబ్బునురుగు రాయాలి. అగ్గిపుల్ల గీయకూడదు. వాసన వస్తే లైటు వెయ్యవద్దు, వెలుగుతున్న లైటు ఆర్పవద్దు. రెగ్యులేటరు కట్టేసి, తలుపులు కిటికీలు తెరిచి, అందరూ బయటికి వచ్చి, అక్కడి నుంచి 1906కు ఫోను చెయ్యండి.

అలమరాలో ఫ్రిజ్, ఫ్రిజ్‌లో ఇన్సులిన్

ఇక మీవారి సంగతి. ఫ్రిజ్ చలిని పుట్టించదు. లోపలి వేడిని తీసి బయటికి వదులుతుంది. ఆ వేడి వెనుక నుంచో పక్కల నుంచో పోవాలి. మామూలు ఫ్రిజ్‌ను కొని అలమరాలో బిగుతుగా దూర్చితే, తాను వదిలిన వేడిలోనే అది నిలబడుతుంది. మోటారు ఆగకుండా తిరుగుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది, లోపల చల్లదనం మాత్రం చాలదు.

ఫ్రిజ్‌లకు వాతావరణ తరగతులు ఉంటాయి. లోపల అతికించిన చీటీ మీద ఇంగ్లీషు అక్షరాలలో ఉంటుంది. ఎన్ తరగతి ఫ్రిజ్ గదిలో 32 డిగ్రీల వరకు, ఎస్‌టీ 38 వరకు, టీ 43 వరకు సరిగా పనిచేసేటట్టు తయారవుతాయి. రెంటచింతల ఎండ పేరు వేసవి వార్తల్లో విననివారు లేరు. మన ప్రాంతంలో బయట 43 దాటే రోజులు ఉండనే ఉంటాయి. స్లాబు కింద, పొయ్యి పక్కన, మూసిన అలమరాలో ఫ్రిజ్ చుట్టూ ఎంత వేడి ఉంటుందో మీరే ఊహించుకోండి. ఏ తరగతి ఫ్రిజ్ అయినా అక్కడ ఓడిపోతుంది.

ఇన్సులిన్ వాడని సీసాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. వేడికి దాని శక్తి తగ్గుతుంది. సీసా చూడటానికి మాత్రం మామూలుగానే ఉండవచ్చు. రోగి మోతాదు తప్పకుండా వేసుకుంటాడు, షుగరు దిగదు. డాక్టరు మోతాదు పెంచుతాడు. తరువాత మంచి సీసా దొరికిన రోజున ఆ పెంచిన మోతాదు ఎక్కువై షుగరు ఒక్కసారిగా పడిపోతుంది. ఇది ప్రాణం మీదికి రావచ్చు. ఫ్రిజ్ తలుపు అర మిగతా భాగం కంటే వెచ్చగా ఉంటుంది. ఫ్రీజరు పక్కన పెడితే గడ్డకట్టి పాడవుతుంది. మధ్య అరలో, డబ్బాలో పెట్టడం మంచిది.

పాలు, పెరుగు, మిగిలిన కూరల సంగతీ అంతే. 5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయి. ఫ్రిజ్‌లో పెట్టామన్న ధీమాతో నిన్నటి కూర పిల్లలకు పెట్టి, వాంతులు, విరేచనాలతో ఆస్పత్రికి తీసుకువచ్చేవారు వేసవిలో తక్కువేమీ కాదు.

ఫ్రిజ్ థర్మామీటరు ఒకటి కొనండి. గ్లాసుడు నీళ్ళలో అది ఉంచి, మధ్య అరలో రాత్రంతా పెట్టి, పొద్దున్నే తలుపు తియ్యగానే చూడండి. 5 డిగ్రీలకు మించి ఉంటే ఫ్రిజ్‌కు గాలి చాలడం లేదో, మరమ్మతు అవసరమో అన్నమాట.

మామూలు ఫ్రిజ్ అయితే దానితో వచ్చిన పుస్తకంలో చెప్పినంత ఖాళీ వదలాలి. పుస్తకం లేకపోతే వెనుక, పక్కల 2 అంగుళాలు, పైన 4 అంగుళాలకు తగ్గకుండా వదలండి. అలమరాలో అమర్చడానికే చేసిన ఫ్రిజ్ అయితే కింద పట్టీలో గాలి లోపలికి రావడానికి, పైన వేడి పోవడానికి దారులు కావాలి. చాలా కంపెనీలు ఒక్కొక్క దారి 200 చదరపు సెంటీమీటర్లు ఉండాలంటాయి. అంటే ఇంచుమించు నేను చెప్పిన 8 అంగుళాల, 4 అంగుళాల జాలీయే. వెనుక పలక కూడా కింది నుంచి పైదాకా తెరిచి ఉండాలి. ఓవెను, మైక్రోవేవ్, ఇండక్షన్ పొయ్యి కూడా ఇంతే. వాటి గాలి రంధ్రాలను చెక్కతో మూయకూడదు. ఫ్రిజ్ పక్కనే ఓవెన్ పెట్టకూడదు.

వడ్రంగికి ముందే చెప్పండి

ఇల్లు కట్టుకోబోయేవారు చెక్కపని మొదలుకాక ముందే ఈ నాలుగు మాటలు వడ్రంగి చేత కాగితం మీద రాయించుకోండి. సిలిండరు అరకు అడుగున, పైన జాలీ. ఫ్రిజ్ అలమరాకు వెనుక ఖాళీ, కింద, పైన దారి. చిమ్నీ గొట్టం వీలైనన్ని తక్కువ మలుపులతో ఆరుబయటికి. ఎదురెదురుగా తెరుచుకునే కిటికీ, వెంటిలేటరు. ముందే చెబితే ఖర్చు కొద్దిపాటిది. అంతా అయ్యాక అయితే లామినేట్ షీటు కోయాలంటే ఎవరికీ మనసు ఒప్పదు. "జాలీ పెడితే అందం పోతుంది, బొద్దింకలు వస్తాయి" అంటారు. సన్నని ఇనుప వల బిగిస్తే బొద్దింకలు రావు, కానీ వలకు జిడ్డు పట్టకుండా తుడుస్తూ ఉండాలి.

అద్దె ఇంట్లో ఉన్నవారు కోతలు కోయించలేకపోతే, సిలిండరు అర తలుపును, ఫ్రిజ్ అలమరా తలుపును ఊడదీసి పక్కన పెట్టండి. స్క్రూలు విప్పితే సరిపోయే పని.

గురజాల సోదరికి చివరి మాట

ఈ రోజు నుంచే వంట చేసేటప్పుడు ఎదురెదురు కిటికీలు తెరవండి. పొయ్యి మంట రంగు చూడండి. పసుపుపచ్చగా ఉంటే బర్నరు శుభ్రం చేయించి, మెకానిక్‌కు చూపించండి. సిలిండరు అర తలుపు తీసి ఉంచండి. ఒక వారం గమనించండి. మీ అత్తగారి తలనొప్పి తగ్గినా సరే, ఆస్పత్రికి తీసుకువెళ్ళి రక్తపోటు, షుగరు, రక్తహీనత, కళ్ళు పరీక్ష చేయించండి. ఆ వయసులో తలతిరగడానికి గాలి ఒక్కటే కారణం కానవసరం లేదు. ఎప్పుడైనా వంటింట్లో ఆమె మగతగా కూలబడితే, ముందు ఆరుబయటికి తీసుకువచ్చి, వెంటనే 108కి ఫోను చెయ్యండి. వంట చేస్తుండగా ఇలా జరిగిందని డాక్టరుకు తప్పక చెప్పండి. ఆ ఒక్క మాటతో సరైన పరీక్ష, సరైన వైద్యం త్వరగా మొదలవుతాయి.

మీవారి ఇన్సులిన్ సీసా మార్చండి. కొత్త సీసా మొదలుపెట్టే ముందు, పాతది ఫ్రిజ్ వేడికి పాడై ఉండవచ్చునని ఆయనను చూసే డాక్టరుతో చెప్పి, మోతాదు అడగండి. ఈ మధ్య మోతాదు పెంచి ఉంటే ఇది మరీ ముఖ్యం. ఆ కొద్ది రోజులు షుగరు ఎక్కువసార్లు చూసుకోవాలి. చెమటలు, వణుకు, విపరీతమైన ఆకలి కనిపిస్తే వెంటనే పంచదార నీళ్ళు తాగించండి.

గోడ సంగతి తరువాత చూసుకోవచ్చు. ముందు వడ్రంగిని పిలిచి ఆ రెండు అలమరాలకు జాలీలు కోయించండి. వేసవి ముదిరేలోగా ఆ పని పూర్తి కావాలి.